వెన్నెల ఎందుకు వెనకబడింది: వేగం తగ్గిన ఒక గ్రేహౌండ్ కేసు

ఆ రోజు పరీక్ష గదిలోకి మూడు కుక్కలు వచ్చాయి. చూపించాల్సింది ఒక్కదాన్నే. మిగతా రెండూ ఇంట్లో ఉండలేక వెంట వచ్చినవి. చూపించాల్సినది వెన్నెల, నాలుగేళ్ల ఆడ గ్రేహౌండ్. తోడు వచ్చినవి రాజా అనే మూడేళ్ల లాబ్రడార్, చిట్టి అనే ఆరేళ్ల డాషండ్. ఆ తోడు వచ్చిన రెండు కుక్కలే ఈ కేసు విప్పడానికి సాయపడతాయని అప్పటికి నాకు తెలియదు.

"డాక్టర్ గారూ, మూణ్ణెల్ల కిందటి వరకూ దీని వెనక రాజా ఆనవాలు కూడా కనిపించేది కాదండీ. ఇప్పుడు బంతి విసిరితే రాజాయే ముందు చేరుతున్నాడు. దీనికి పరుగు మీద మనసు పోయిందా, ఒంట్లో ఏమైనా ఉందా?" అన్నారు వాటిని పెంచుకుంటున్న ఆవిడ.

కుంటడం లేదు. తిండి తింటోంది. నిద్రలో తేడా లేదు. నొప్పితో మూలిగింది కూడా లేదు. ఫిర్యాదల్లా వేగం తగ్గిందని. ఇలాంటి ఫిర్యాదును కొట్టిపారేయడం చాలా తేలిక. పెంపుడు కుక్క కాస్త నెమ్మదించిందంటే వయసు అనో, బద్ధకం అనో అనేస్తాం. కానీ గ్రేహౌండ్ విషయంలో యజమాని "వేగం తగ్గింది" అన్నారంటే అది లక్షణమే. దౌడు కోసమే తీరిన శరీరం అది. ఆ శరీరంలో ఎక్కడ ఏ చిన్న లోపం వచ్చినా ముందుగా బయటపడేది దౌడులోనే.

ముందు చేసిన వైద్యం

నా దగ్గరికి రాకముందు వేరే ఒక ఆసుపత్రిలో చూపించారు. అక్కడ రక్తపరీక్ష చేశారు. థైరాయిడ్ హార్మోన్ టీ4 ల్యాబ్ వాళ్ల కింది గీత కంటే తక్కువ వచ్చింది. థైరాయిడ్ లోపమని రాసి మాత్రలు మొదలుపెట్టారు. ఎనిమిది వారాలు వాడారు. వేగం పెరగలేదు. వెన్నెల రాత్రుళ్లు అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది, 27 కిలోల నుంచి 25.8కి తగ్గింది. అదే రిపోర్టులో మరో మూడు విషయాల కింద ఎర్రగీతలు ఉన్నాయి. ఎర్రకణాల శాతం, అంటే పీసీవీ, 58. ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలు. మూత్రపిండాల పని తెలుసుకోవడానికి చూసే క్రియాటినిన్ గీత కంటే కాస్త పైన. వీటికి తోడు గుండె దగ్గర మెల్లటి మర్మర్, అంటే గుండె చప్పుళ్ల మధ్య అదనపు శబ్దం, వినిపించిందని, ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా కనిపించిందని రాశారు.

ఆ కాగితం చదివినవాళ్లకి ఎవరికైనా గుండె, మూత్రపిండాలు, థైరాయిడ్, రక్తం అన్నీ చెడిపోయిన కుక్క కళ్లముందు నిలుస్తుంది. నాకు కనిపించింది మాత్రం ఒక మామూలు గ్రేహౌండ్.

ఈ మాట వివరంగా చెప్పాలి. ఎందుకంటే పరీక్షల్లో తేడాలు కనిపించాయని ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్‌లకి ఏళ్ల తరబడి మందులు వాడటం నేను చాలాసార్లు చూశాను. ల్యాబ్ వాళ్ల గీతలు రకరకాల జాతుల కుక్కల రక్తం నుంచి వచ్చినవి. గ్రేహౌండ్ ఆ గుంపులో ఇమడదు. మిగతా కుక్కల్లో పీసీవీ 37 నుంచి 55 మధ్య ఉంటే, గ్రేహౌండ్‌లో 50 దాటడం, 60 చేరడం కూడా మామూలే. ఎర్రకణాలు ఎక్కువుంటే కండరానికి ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది. ప్లేట్‌లెట్లు మిగతా జాతుల కంటే తక్కువగా ఉంటాయి. కండ ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ కొంచెం పైనే ఉంటుంది. సాధారణ కుక్క బరువులో కండరాలు దాదాపు 44 శాతం అయితే, గ్రేహౌండ్‌లో అది 57 శాతం వరకూ ఉంటుంది. గుండె కూడా అంతే. మిగతా కుక్కల్లో గుండె బరువు ఒంటి బరువులో సుమారు 0.8 శాతం, గ్రేహౌండ్‌లో 1.2 శాతం లేదా ఇంకా ఎక్కువ. అంత పెద్ద గుండె అంత రక్తాన్ని ఒక్కసారిగా నెట్టేటప్పుడు ఎడమవైపు మెల్లటి మర్మర్ వినిపించడం వింతేమీ కాదు. ఇక టీ4. ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్‌లో అది తక్కువగానే ఉంటుంది, కొన్నిసార్లు యంత్రం పట్టుకోలేనంత తక్కువగా కూడా. టీ4 ఒక్కటీ చూసి ఈ జాతిలో థైరాయిడ్ లోపం అని రాయకూడదు. బొచ్చు పలచబడటం, ఒళ్లు చేయడం, గుండె నెమ్మదించడం లాంటివి ఉండాలి, థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ పెరిగి ఉండాలి. వెన్నెలలో ఇవేవీ లేవు. తొడల వెనక బొచ్చు పలచగా ఉందని రిపోర్టులో ఉంది కానీ అది ఈ జాతిలో చాలా కుక్కలకి ఉండేదే.

మాత్రలు ఆపించాను. ఆరు వారాల తర్వాత టీ4, టీఎస్‌హెచ్ మళ్లీ చూద్దామన్నాను.

నేను చేసిన పొరపాటు

ఆ తర్వాత నేనూ తప్పటడుగే వేశాను. ఆ మొదటి రోజు వెన్నెలను బయటికి తీసుకెళ్లి, తాడు పట్టుకుని ముందు నడిపించి, తర్వాత ట్రాట్, అంటే నడకకీ దౌడుకీ మధ్య ఉండే చిన్న పరుగు, చేయించాను. కుంటు కోసం చూడాలంటే ట్రాట్ మంచిది. ఒకవైపు ముందుకాలు, రెండోవైపు వెనకకాలు జంటగా పడతాయి కాబట్టి ఒక కాలి మీద బరువు తక్కువ మోపితే తల ఊపులో, నడుము ఊపులో తేలిపోతుంది. వెన్నెల ట్రాట్ శుభ్రంగా ఉంది. ఎడమకీ కుడికీ తేడా లేదు. కాళ్లలో ఏమీ లేదనుకున్నాను. గుండె స్కాన్ చేయిద్దామని రాశాను. స్కాన్ మామూలుగానే వచ్చింది. అలా రెండు వారాలు పోయాయి.

ఫిర్యాదు దౌడులో ఉంటే నేను ట్రాట్‌లో వెతికాను. ట్రాట్‌లో తుంటి కీలు సగమే తెరుచుకుంటుంది, వెన్ను దాదాపు కదలదు. గ్రేహౌండ్ దౌడులో వెన్ను విల్లులా వంగి సాగుతుంది, వెనకకాలు తుంటి దగ్గర చివరిదాకా వెనక్కి తెరుచుకుంటుంది. ఆ చివరి కొసలో మాత్రమే నొప్పి ఉంటే ట్రాట్‌లో అది కనిపించే దారే లేదు.

కొలత

రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ తన ఫోన్‌లో కాలర్ యాప్ చూపించారు. మూడు కుక్కలకీ జీపీఎస్ కాలర్లు ఉన్నాయి. వెన్నెల గరిష్ఠ వేగం ఇదివరకు 64, ఇప్పుడు 48 కి.మీ. అని ఉంది. చూస్తే సాక్ష్యంలాగే ఉంది. కానీ అదే యాప్‌లో చిట్టి గరిష్ఠ వేగం గంటకి 41 కి.మీ. అని ఉంది. జానెడు కాళ్ల డాషండ్ మానవమాత్రుల్లో అందరికంటే వేగంగా పరుగెత్తిన ఉసేన్ బోల్ట్ దగ్గరికి వచ్చిందన్నమాట. బోల్ట్ 2009లో బెర్లిన్‌లో వంద మీటర్లు 9.58 సెకన్లలో పూర్తి చేసినప్పుడు అతని గరిష్ఠ వేగం గంటకి సుమారు 44 కి.మీ.

తప్పు ఎక్కడుందంటే, ఈ కాలర్లు సెకనుకి ఒక్కసారి స్థానం గుర్తిస్తాయి. ప్రతి గుర్తింపులో రెండు మూడు మీటర్ల తేడా ఉండొచ్చు. రెండు వరస గుర్తింపులు చెరోవైపుకీ తప్పితే, కూర్చున్న కుక్క కూడా ఒక్క సెకనులో అయిదారు మీటర్లు దూకినట్టు లెక్క తేలుతుంది. యాప్ అలాంటి గెంతుల్లో అతి పెద్దదాన్ని "గరిష్ఠ వేగం" అని చూపిస్తుంది. కాబట్టి ఆ 64ని గానీ ఆ 48ని గానీ నమ్మే వీలు లేదు.

చదునుగా, పొడిగా ఉన్న గడ్డి మైదానంలో వంద మీటర్లు తిన్నగా కొలిచాం. మొదటి 50 మీటర్లు వేగం అందుకోవడానికి వదిలేసి, తర్వాతి 20 మీటర్లకి రెండు చివర్లా కోన్‌లు పెట్టాం. పక్కనుంచి బాగా దూరంలో, పరుగు దారికి లంబంగా, సెకనుకి 240 ఫ్రేములు తీసే కెమెరా నిలబెట్టాం. దగ్గరగా నిలబెడితే చూపు కోణం వల్ల కోన్ దాటిన క్షణం తప్పుతుంది. ఆ ఇరవై మీటర్లలో ఎన్ని ఫ్రేములు పట్టాయో, ఎన్ని అంగలు పడ్డాయో లెక్కపెడితే చాలు. అంగ అంటే నాలుగు కాళ్లూ ఒక్కోసారి పడి ముగిసే ఒక పూర్తి చుట్టు. వేగం అంటే అంగ పొడవుని సెకనుకి పడే అంగలతో గుణించడమే. ఏ కుక్కకైనా ఇంతకు మించి రహస్యం లేదు.

మూడు కుక్కల్నీ, ఒక్కొక్కదాన్నీ విడివిడిగా, మూడేసి సార్లు పరుగెత్తించాం. పరుగుకీ పరుగుకీ మధ్య పదిహేను నిమిషాలు నీడలో విశ్రాంతి. మంచి పరుగుల లెక్క ఇలా వచ్చింది.

వెన్నెల: అంగ 4.0 మీటర్లు, సెకనుకి 3.4 అంగలు. అంటే సెకనుకి 13.6 మీటర్లు, గంటకి 49 కి.మీ.
రాజా: అంగ 2.6 మీటర్లు, సెకనుకి 3.5 అంగలు. సెకనుకి 9.1 మీటర్లు, గంటకి 33 కి.మీ.
చిట్టి: అంగ 1.1 మీటర్లు, సెకనుకి 4.5 అంగలు. సెకనుకి 5 మీటర్లు, గంటకి 18 కి.మీ.

ఆవిడ వెంటనే అడిగారు. "మరి రాజా కంటే ఇదే వేగం కదండీ? ముందు వాడెలా చేరుతున్నాడు?" మంచి ప్రశ్న. దానికి జవాబు మలుపుల దగ్గర దొరికింది, ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ లెక్కల్లో ఉన్నది చూడాలి.

సెకనుకి పడే అంగల్లో గ్రేహౌండ్‌కీ లాబ్రడార్‌కీ తేడా లేదు. డాషండ్ నిజానికి ఆ ఇద్దరికంటే చకచకా కాళ్లాడిస్తోంది. వేగం తేడా అంతా అంగ పొడవులో ఉంది. కాళ్లు త్వరగా ఆడించే కుక్క వేగంగా పరుగెడుతుందని చాలామంది అనుకుంటారు. వేగంగా పరుగెత్తే కుక్క నేలని తాకే ప్రతిసారీ ఎక్కువ దూరం వెళ్తుంది, అంతే.

అంగని కాలి పొడవుతో పోల్చి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. తుంటి ఎత్తు వెన్నెలకి 68 సెంటీమీటర్లు, రాజాకి 52, చిట్టికి 20. చిట్టి అంగ దాని కాలికి అయిదున్నర రెట్లు. రాజాది అయిదు రెట్లు. వెన్నెలది దాదాపు ఆరు రెట్లు. అక్కడ నా చూపు ఆగింది. పందెపు వేగంలో ఉన్న గ్రేహౌండ్ అంగ సుమారు అయిదు మీటర్లు, అంటే కాలికి ఏడు రెట్లకి పైనే. వెన్నెల గ్రేహౌండ్ కాళ్లతో లాబ్రడార్ దౌడు తీస్తోంది.

వెన్నెలని పందెపు కుక్కలతో పోల్చడం న్యాయం కాదు. ట్రాక్ మీద కుక్కలు గంటకి 60 కి.మీ. దాటి పరుగెడతాయి. 1994లో ఆస్ట్రేలియాలోని వయాంగ్ ట్రాక్ మీద స్టార్ టైటిల్ అనే గ్రేహౌండ్ గంటకి 67.32 కి.మీ. వేగం నమోదు చేసింది. అవి వేరే జీవితాలు. వెన్నెలకి కొలబద్దగా దాని నిరుటి పరుగే కావాలి. ఆవిడ ఫోన్‌లో వెతికితే ఏడాది కిందటి వీడియో ఒకటి దొరికింది. అదే మైదానం, వెనక కంచె. కంచె స్తంభాల మధ్య దూరం మేము వెళ్లి టేపుతో కొలిచాం, మూడేసి మీటర్లు. పది ఖాళీలు, ముప్పై మీటర్లు, సెకనుకి 30 ఫ్రేముల మామూలు వీడియోలో 55 ఫ్రేములు పట్టాయి. సెకనుకి 16.4 మీటర్లు, గంటకి 59 కి.మీ. ఒక ఫ్రేము అటూ ఇటూ అయినా సెకనుకి 0.3 మీటర్ల తేడాయే వస్తుంది. అప్పటి అంగ 4.8 మీటర్లు. సెకనుకి అంగలు 3.4, ఇప్పటిలాగే.

వేగం 17 శాతం తగ్గింది. ఆ తగ్గుదలంతా అంగ పొడవులోనే. గుండెదో రక్తానిదో లోపమైతే కుక్క బాగానే మొదలెట్టి, పోనుపోను అలసి నెమ్మదిస్తుంది. వెన్నెల అయిదో అంగ నుంచే పొట్టిగా వేస్తోంది. ఇది ఇంధనం తగ్గిన వాలకం కాదు, కదలికని ఏదో అడ్డుకుంటున్న వాలకం.

గాల్లో రెండుసార్లు

ఇక్కడ కాస్త ఆగి దౌడు గురించి చెప్పాలి. కుక్కల రకాల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకునే తేడా ఇదే.

గుర్రం దౌడులో ఒక అంగకి ఒక్కసారే నాలుగు కాళ్లూ నేల విడుస్తాయి, అదీ కాళ్లు ఒంటి కిందికి ముడుచుకున్నప్పుడు. గ్రేహౌండ్, విప్పెట్, సలూకి లాంటి వేటకుక్కలు పూర్తి వేగంలో ఒక అంగకి రెండుసార్లు గాల్లో ఉంటాయి. ముందుకాళ్లు నేలని నెట్టాక ఒళ్లు ముడుచుకుని ఒకసారి, వెనకకాళ్లు నెట్టాక ఒళ్లంతా బాణంలా సాగి మరోసారి. మొదటిది ముడుపు ఎగురు, రెండోది సాగు ఎగురు అందాం. లాబ్రడార్‌లాంటి కుక్కల్లో సాగు ఎగురు ఉండదు, ఉన్నా పేరుకే. అంగలో గ్రేహౌండ్ సంపాదించుకునే ఆ అదనపు దూరంలో చాలా భాగం ఆ సాగు ఎగురులోనే వస్తుంది.

జర్మనీలోని జేనా విశ్వవిద్యాలయంలో 32 జాతుల కుక్కల నడకని వేగవంతమైన ఎక్స్‌రే కెమెరాలతో చూసినప్పుడు, జాతులు ఎంత వేరైనా కాళ్ల కదలిక ఆశ్చర్యపోయేంత ఒకేలా ఉందని తేలింది. ముందుకాలు ఊగేది భుజం కీలు దగ్గర కాదు, వీపు పక్కనుండే రెక్క ఎముక పైఅంచు దగ్గర అని కూడా స్పష్టమైంది. మూలసూత్రం ఒక్కటే. దాని మీద ప్రతి జాతీ తన అవసరానికి తగ్గట్టు శరీరాన్ని మార్చుకుంది, చాలాచోట్ల ఆ మార్పు మనుషులు తెచ్చిందే. డాషండ్ పొట్టికాళ్లకి మూలం ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు అదనపు నకలు అని 2009లో తెలిసింది. ఆ తర్వాత దొరికిన రెండో నకలు, వెన్ను డిస్కులు చిన్నవయసులోనే గట్టిపడి జారడానికి కారణమవుతుంది. అందుకే చిట్టి ఎంత ఉత్సాహంగా పరుగెత్తినా, ఎత్తు నుంచి దూకనివ్వొద్దని వాళ్లింట్లో అందరికీ చెప్పాను. విప్పెట్ గంటకి 55 కి.మీ. దాకా పోతుంది. వాటిలో కండ పెరుగుదలకి పగ్గం వేసే మయోస్టాటిన్ జన్యువు ఒక నకలులో చెడితే కుక్క ఇంకా వేగవంతమవుతుంది, రెండు నకళ్లూ చెడితే ఒళ్లంతా కండలతో ఎద్దులా తయారవుతుందని 2007లో వచ్చిన పరిశోధన చెప్పింది. పగ్ లాంటి చప్పిముక్కు కుక్కలకి కాళ్ల సంగతి వచ్చేలోపే ఊపిరి అడ్డం పడుతుంది.

వేగం అనే మాట అన్ని కుక్కలకీ ఒకటే అర్థంలో వాడలేం. అలాస్కాలో బండి లాగే కుక్కలు 2017 ఇడిటరాడ్ పందెంలో దాదాపు 1,600 కి.మీ. దూరాన్ని ఎనిమిది రోజుల మూడు గంటల నలభై నిమిషాల్లో దాటాయి. విశ్రాంతి కలిపితే సగటున గంటకి 8 కి.మీ. మాత్రమే. కానీ ఆ ఎనిమిది రోజుల్లో రెండో రోజు కూడా ఏ గ్రేహౌండూ వాటి పక్కన నిలవలేదు. గ్రేహౌండ్ తన గొప్పతనమంతా ముప్పై సెకన్లలో ఖర్చుపెట్టేస్తుంది. పరుగు ముగిసేసరికి ఒంటి ఉష్ణోగ్రత 41 డిగ్రీలు దాటొచ్చు, గుండె నిమిషానికి 300 సార్లు కొట్టుకోవచ్చు.

దొరికిన చోటు

వెన్నెల వీడియోని ఫ్రేము ఫ్రేముగా జరిపి చూశాం. ముడుపు ఎగురు నిరుటిలాగే ఉంది. సాగు ఎగురు దాదాపు మాయమైంది. వెనకకాళ్లు చివరిదాకా నెట్టకముందే, ముఖ్యంగా ఎడమకాలు, తొందరగా నేల విడిచేస్తోంది.

ఆ తర్వాత దాన్ని గుండ్రంగా పరుగెత్తించాం. అక్కడ ఆవిడ ప్రశ్నకి జవాబు దొరికింది. మలుపులో వెన్నెల ఒక్కసారిగా వేగం వదిలేస్తోంది. ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్ అలా చేయదు. మలుపులో పాదాల మీద బరువు ఎంత పెరిగినా గ్రేహౌండ్‌లు నెమ్మదించవని 2005లో ఇంగ్లండు పరిశోధకులు చూపించారు. మనిషి మలుపులో నెమ్మదిస్తాడు, ఎందుకంటే బరువు మోసే కాలే అతన్ని ముందుకీ నెట్టాలి. గ్రేహౌండ్‌లో కాళ్లు బరువు మోస్తుంటే, నెట్టే పని చాలావరకు తుంటి చుట్టూ, వెన్నులో ఉన్న కండరాలు చేస్తాయి. బంతి విసిరినప్పుడు దూరం తక్కువ, మలుపు ఎక్కువ. తిన్నగా పరుగెత్తినంతసేపూ వెన్నెలే ముందుంది, మలుపు దగ్గర రాజా అడ్డంగా వచ్చి దాటేస్తున్నాడు.

తుంటినీ వెన్నునీ అనుమానించి బల్ల మీద పడుకోబెట్టాను. గ్రేహౌండ్ వేగం తగ్గితే నేను ముందు చూసేది అరికాలి మెత్తలు. ఈ జాతిలో మెత్తల్లో ఆనెకాయలు రావడం మామూలు, చూడకపోతే నెలలు పోతాయి. మెత్తలు శుభ్రంగా ఉన్నాయి. ట్రాక్ మీద ఎప్పుడూ ఒకేవైపు తిరిగే పందెపు కుక్కల్లో కుడి వెనకకాలి మడమ కీలులోని ఎముక విరగడం ఎక్కువ. వెన్నెల పందేలాడలేదు, మడమ కీళ్లు బాగున్నాయి. తొడ లోపలి గ్రాసిలిస్ కండరం చిరిగితే నెత్తురు గడ్డకట్టి నల్లబడుతుంది, అది లేదు. మోకాళ్లు గట్టిగా ఉన్నాయి. ఎడమ తుంటిని వెనక్కి పూర్తిగా చాపి, కాలిని లోపలికి కొంచెం తిప్పగానే వెన్నెల మెడ తిప్పి నా చెయ్యి వైపు చూసింది. అరవలేదు, కరవలేదు. పెదవి నాక్కుంది. గజ్జ లోతుల్లో, తొడ ఎముక లోపలి చిన్న బొడిపె మీద వేలు మోపితే కండ బిగిసింది. కుడివైపు అలా లేదు.

ఇలియోసోవాస్ కండరం అది. నడుము ఎముకల కింద మొదలై, గజ్జ గుండా వచ్చి తొడ ఎముకకి అతుక్కుంటుంది. తుంటిని ముడవడం దాని పని. వెనకకాలు చివరిదాకా వెనక్కి నెట్టినప్పుడు అన్నిటికంటే ఎక్కువ సాగేదీ అదే. అక్కడ గాయం ఉంటే కుక్క ఆ చివరి కొసకి పోకుండా కాలు ముందే ఎత్తేస్తుంది. వీడియోలో చూసింది సరిగ్గా అదే.

అల్ట్రాసౌండ్‌లో ఎడమవైపు ఆ కండరం, దాన్ని ఎముకకి కట్టే స్నాయువు కలిసే చోట పోగుల వరస చెదిరి, మందంగా ఉంది. నడుము చివరి భాగంలో నరాల మీద ఒత్తిడి లేదని తేల్చుకోవడానికి మత్తులో ఎక్స్‌రేలు తీశాం. నరాల లోపాలు పరీక్షలోనూ లేవు. మత్తు విషయంలో ఒక మాట. పాత మందు థయోపెంటాల్‌ని గ్రేహౌండ్ కాలేయం నెమ్మదిగా విరుస్తుంది, తేరుకోవడం చాలాసేపు పడుతుంది. ఈ జాతికి దాన్ని వాడను.

అప్పుడు ఆవిడకి గుర్తొచ్చింది. మూణ్ణెల్ల కిందట ఒక ఉదయం, గడ్డి తడిగా ఉన్నప్పుడు బంతి కోసం ఒక్కసారిగా ఆగి తిరగబోయి వెనకకాళ్లు జారాయి. ఒక్కసారి కీచుమంది, మళ్లీ లేచి ఆడింది. "ఆడుతోంది కదా అని ఊరుకున్నానండీ" అన్నారు, గొంతు వణికింది. ఆ తప్పు ఆవిడది కాదని చెప్పాను. ఆటలో ఉన్న గ్రేహౌండ్ నొప్పిని చూపించదు.

వైద్యం

పది రోజులు నొప్పి, వాపు తగ్గే మందు, కండ వదులయ్యే మాత్రలు. మూడు వారాలు తాడు మీద నడక తప్ప ఏమీ లేదు. మెట్లు, సోఫా ఎక్కడం, బంతి అన్నీ బంద్. ఈ మూడు వారాలే అందరికీ కష్టం. మందుతో నొప్పి తగ్గిన అయిదో రోజే కుక్క పరుగెత్తాలనుకుంటుంది, సగం మానిన పోగులు మళ్లీ తెగేది అప్పుడే.

నాలుగో వారం నుంచి వేడి కాపడం తర్వాత తుంటిని నొప్పి రాని మేరకు చాపడం, నేల మీద పరిచిన కర్రల్ని నెమ్మదిగా దాటించడం, ఎత్తుపల్లాల మీద నడక. ఆరో వారం నుంచి నీటిలో ట్రెడ్‌మిల్. నీళ్లు తుంటి దాకా ఉంటే బరువు తగ్గి అంగ మాత్రం నిండుగా పడుతుంది. వెనకకాళ్ల మీద బరువు నిలిపి ముందుకాళ్లు మెత్తటి దిమ్మ మీద పెట్టి నిలబడటం లాంటివి నడుముకీ పొట్టకీ బలమిచ్చాయి. తొమ్మిదో వారంలో తిన్నని దౌడు మొదలెట్టాం. నలభై మీటర్లు, మూడుసార్లు, వారానికి రెండు రోజులు. ప్రతిసారీ ముందు పది నిమిషాల నడక, ట్రాట్. ఎప్పుడూ సోఫా మీద పడుకున్న గ్రేహౌండ్‌ని గేటు తీసి ఒక్కసారిగా వదలడమే ఇలాంటి గాయాలకి సగం కారణమని నా అనుభవం.

మధ్యలో థైరాయిడ్ పరీక్ష మళ్లీ చేశాం. టీ4 మళ్లీ తక్కువే. టీఎస్‌హెచ్ మామూలుగా ఉంది. మాత్రలు మొదలెట్టలేదు. బరువు 27కి చేరింది, రాత్రుళ్లు తిరగడం ఆగింది.

రాజా సంగతి

కొలత రోజున రాజా గురించి ఆవిడ మాటవరసకి ఒక విషయం చెప్పారు. బాగా ఉద్రేకంగా పదినిమిషాలు బంతి ఆడాక ఒకట్రెండుసార్లు వాడి వెనకకాళ్లు తూలాయని, ఇరవై నిమిషాల్లో మామూలైపోయాడని. "వెన్నెలతో పోటీ పడి అలిసిపోయాడనుకున్నాను" అన్నారు. ఆ మాట వినగానే నాకు వెన్నెల కంటే రాజా మీదే భయం పట్టుకుంది.

లాబ్రడార్లలో శ్రమ వల్ల కూలిపోయే వంశపారంపర్య జబ్బు ఒకటి ఉంది. డీఎన్‌ఎమ్1 జన్యువులో మార్పు దానికి మూలమని 2008లో తేలింది. రెండు నకళ్లూ మారిన కుక్క మామూలుగా ఆడుతుంది, నడుస్తుంది. ఉద్రేకం, తీవ్రమైన శ్రమ కలిసి అయిదు నుంచి పదిహేను నిమిషాలు గడిస్తే వెనకకాళ్లు వశం తప్పుతాయి. చాలావరకు తేరుకుంటాయి. కానీ ఆడుతూనే ఉంటే, ఎండలో ఉంటే చనిపోయినవీ ఉన్నాయి. జన్యు పరీక్షకి పంపాం. రెండు నకళ్లూ మారినవే వచ్చాయి.

దీనికి మందు లేదు, కానీ ఆట మార్చొచ్చు. రాజాకి బంతి విసరడం పూర్తిగా ఆపించాం. వాసన వెతికే ఆటలు, నిదానమైన నడక, మరో కుక్కతో పోటీ లేని చోట చల్లపూట ఆట. తూలుడు కనిపించిన క్షణం ఆట ఆపి, నీళ్లతో తడిపి కూర్చోబెట్టాలని ఇంట్లో అందరికీ నేర్పాం.

పద్నాలుగో వారం

అదే మైదానం, అవే కోన్‌లు. వెన్నెల అంగ 4.6 మీటర్లు, సెకనుకి 3.45 అంగలు. సెకనుకి 15.9 మీటర్లు, గంటకి 57 కి.మీ. నిరుటి దానిలో 97 శాతం. మొదట కొలిచిన రోజుకీ ఈ రోజుకీ కాళ్లాడించే వేగంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు, పెరిగిందంతా అంగే. వీడియోలో సాగు ఎగురు తిరిగొచ్చింది. నాలుగు కాళ్లూ నేల విడిచి, మెడ నుంచి తోక దాకా ఒకే గీతలో సాగిన ఆ ఫ్రేము దగ్గర వీడియో ఆపి ఆవిడకి చూపించాను. చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

అల్ట్రాసౌండ్‌లో మచ్చ ఇంకా ఉంది. మానిన కండ మొదటి కండంత సాగదు కాబట్టి మిగిలిన ఆ మూడు శాతం రాకపోవచ్చని చెప్పాను. మలుపుల పరుగు ఇంకో నెల తర్వాత, పెద్ద వంపులతో మొదలుపెడతాం. తడిగడ్డి మీద బంతి ఇక లేదు. ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నాను, మూడింటినీ తీసుకుని.